అటార్నీకి నేను చెయ్యని ఫోను

ఒక మనిషి తెచ్చిన నూడుల్స్ నేను ఆరేళ్లపాటు ముట్టలేదు. అడిగితే ఆకలి లేదనేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే, ఆ మనిషి రాజకీయాల్లో ఉన్నవాడు, పైగా లాయరు, ఆపైన ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉండేవాడు. ఈ మూడూ ఒకే మనిషిలో కనబడితే నేను ఒళ్లంతా కళ్లు చేసుకుని కూర్చునే రకం.

ఆఫీసుల్లో కొత్తగా చేరిన మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నీతి చెబుదామని కాదు. చెప్పే అర్హత నాకెంత ఉందో చదివాక మీరే తేల్చుకుంటారు.

నేను ఒంగోలు వైపు ఒక మునిసిపల్ ఆఫీసులో తొమ్మిదేళ్లు గుమాస్తాగిరీ చేసి, ఆ తర్వాత సిడ్నీ పడమటి శివార్లలో ఒక కౌన్సిల్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే, కాకపోతే కాగితాలు ఎక్కువ, కేకలు తక్కువ. సమావేశాల కాగితాలు తయారుచేయడం, కౌన్సిలర్ల సంబంధాల రిజిస్టరు రాయడం నా పని. సభ ముందుకు వచ్చిన విషయంలో ఏ కౌన్సిలరుకైనా సొంత లాభమో, దగ్గరి చుట్టరికమో, గట్టి స్నేహమో ఉంటే లేచి ఆ మాట చెప్పాలి. చెప్పి హాలు బయటికి వెళ్లిపోవాలి, ఓటు వేయకూడదు. చెప్పకుండా కూర్చుంటే అది తప్పు. ఎవరెవరు చెప్పారో రాసుకునేవాణ్ణి నేను.

ఒంగోలు ఆఫీసులో నేను నేర్చుకున్నదల్లా, నాయకుడు ఊరికే మంచిగా ఉండడని. అక్కడ మా కౌన్సిలరు ఒకాయన పురుళ్లకు వెళ్లి పిల్లలకు పేర్లు పెట్టేవాడు. పేరు పెట్టిన ఇంట్లో ఓట్లన్నీ ఆయనవే. ఆ చూపుతోనే విమానం ఎక్కి వచ్చాను, ఇక్కడా ఆ కళ్లజోడు తీయలేదు.

నూడుల్స్ తెచ్చే ఆ లాయరుగారు మా కౌన్సిలర్లలో ఒకడు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. వాళ్ల దేశంలో లాయర్లను పేరుపెట్టి పిలవరట, అటార్నీ అనే పిలుస్తారట. మా ఆఫీసు కూడా అదే అలవాటు చేసుకుంది. సమావేశం ఉన్న సోమవారం మధ్యాహ్నం ఒక పెద్ద ట్రే నిండా సన్న నూడుల్స్ పట్టుకుని వచ్చేవాడు. రెండో నెల నుంచి పక్కన చిన్న డబ్బా కూడా రావడం మొదలైంది. మాంసం, రొయ్యలు లేకుండా నాకోసం చేయించినది. మిగతావాళ్లకు అది ముచ్చటగా అనిపించింది. నాకు మాత్రం, నేను శాకాహారినని ఈయనకు ఎవరు చెప్పారు, ఎందుకు అడిగాడు, నా దగ్గర ఏం పని పెట్టుకున్నాడు అన్న ఆలోచన మొదలైంది. డబ్బా పక్క సీటు కుర్రదానికి ఇచ్చేసేవాణ్ణి. మూడుసార్లు చూసి ఆయనే నవ్వుతూ, నూడుల్స్ మీద మీకు ఏదో కేసు ఉన్నట్టుందే అన్నాడు. నేను నవ్వలేదు.

ఆయన కథ నాకు చెప్పింది ముందు కౌంటర్‌లో పనిచేసే ఫిలిపినో ఆవిడ. ఆమె నాకంటే నాలుగేళ్లు చిన్న, నోటినిండా మాటలు. అటార్నీ తండ్రి ప్యాసింజర్ జీపు నడిపేవాడట. కొడుకు పగలు కోర్టులో గుమాస్తా పని చేస్తూ సాయంత్రం కాలేజీలో లా చదివాడు. వాళ్ల ఊళ్లో మేయరు కుటుంబానికి ఎదురు నిలబడి ఓడిపోయాక కేసులు ఇచ్చేవాళ్లే లేకుండా పోయారు. భార్య నర్సు కాబట్టి ఇక్కడికి వచ్చారు. ఇక్కడ ఆ పట్టా చెల్లదన్నారు. ఐదేళ్లు కోల్డ్ స్టోరేజీలో మందపాటి చేతి తొడుగులు వేసుకుని బఠాణీ పెట్టెలు మోస్తూ, రైల్లో పుస్తకం పట్టుకుని మళ్లీ లా పాసయ్యాడు. ఒక బేకరీ మీద చిన్న గది తీసుకుని బోర్డు కట్టాడు. వీసా కాగితాలు, ఇంటి రిజిస్ట్రేషన్లు, మొగుడూపెళ్లాల తగాదాలు, ఏదొస్తే అది చూశాడు. తర్వాత కౌన్సిలరయ్యాడు. రెండోసారి గెలిచాక, రాష్ట్ర ఎన్నికల్లో పార్టీ ఆయనకే సీటు ఇస్తుందన్న మాట బలంగా వినబడింది. మా శివార్ల నుంచి తమవాడొకడు రాష్ట్ర శాసనసభలో కూర్చోవడం అదే మొదటిసారి అవుతుందని ఆమె మురిసిపోతూ చెప్పింది. బఠాణీ పెట్టెల కథ ఎన్నికల కరపత్రానికి బాగా పనికొస్తుందని నేను మనసులో అనుకున్నాను.

ఆమె చెప్పిన ఇంకో విషయం మాత్రం నా చెవులు నిక్కబొడుచుకునేలా చేసింది. వాళ్లలో బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు జ్ఞానపితను, అంటే గాడ్‌ఫాదర్‌ను, పెట్టుకుంటారు. ఒకరు కాదు, ఐదుగురు, పదిమంది కూడా. లాయరో డాక్టరో ఎదురైతే వదలరు. అడిగితే కాదనడం పెద్ద అవమానం. ఒకసారి ఒప్పుకున్నాక ఆ బిడ్డ తండ్రికీ ఈయనకూ వియ్యమందినంత చుట్టరికం. అటార్నీకి అలాంటి బిడ్డలు ఎంతమంది ఉంటారని అడిగితే, ఆయనకే లెక్క తెలియదని నవ్వింది. నాకు వెంటనే ఒంగోలు కౌన్సిలరు గుర్తొచ్చాడు. రిజిస్టరు తీసి చూశాను. ఆ చుట్టరికాల్లో ఒక్కటీ అందులో లేదు.

ఇక్కడ నా పనిలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. సమావేశం రోజు మధ్యాహ్నం నేను ప్రతి కౌన్సిలరుకూ ఫోన్ చేసేవాణ్ణి. ఫలానా ఫలానా విషయాలు వస్తున్నాయి, మీకు సంబంధం ఉన్నది ఏదైనా ఉందా అని అడిగేవాణ్ణి. ఇది ఏ రూల్లోనూ లేదు. వెనక ఒక పెద్దాయన మతిమరుపుతో చిక్కుల్లో పడితే జాలేసి నేనే మొదలుపెట్టాను. అందరూ దానికి అలవాటు పడిపోయారు. నా ఫోన్ వస్తేనే కాగితాలు తెరిచేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

ఆ ఏడాది మా పాత లైబ్రరీ భవనాన్ని చిన్నపిల్లల డేకేర్ సెంటరుకు లీజుకివ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. కొత్త లైబ్రరీ కట్టాక ఆ భవనం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఖాళీగా ఉండేది, శని ఆదివారాల్లో రకరకాల సంఘాలు వాడుకునేవి. అడిగినవాడు ఒక ఫిలిపినో, మంచి పేరున్నవాడే. సందు మలుపులో కార్లు ఆగడం కష్టమని, పక్క స్కూలు పిల్లలు దాటే చోటని అభ్యంతరాలు వచ్చాయి. అయినా సభ్యుల్లో సగం మంది మొగ్గు లీజు వైపే ఉంది.

ఆ వారంలోనే కౌంటర్ ఆవిడ తన ఫోన్లో ఒక ఫొటో చూపించింది. ఏడాది కింద తను వెళ్లిన బాప్తిస్మం. తెల్ల గౌనులో పాప, పాపను ఎత్తుకుని అటార్నీ, పక్కన పాప తండ్రి. ఆ తండ్రే లీజు అడిగినవాడు. చాలా బాగుంది, నాకు పంపవా అన్నాను. సంతోషంగా పంపింది. నేను చేసిన పనుల్లో ఇప్పటికీ తలెత్తుకోనివ్వనిది ఇదే. ఒక మనిషి ముచ్చటపడి చూపించినదాన్ని సాక్ష్యంగా దాచుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం అందరికీ ఫోన్లు చేశాను, ఆయనకు తప్ప.

మరిచిపోలేదు. చెయ్యదలచుకోలేదు. గుర్తుచేస్తే లేచి చెప్పి బయటికి పోతాడు, చేతులు దులుపుకుంటాడు, ఆ నవ్వూ ఆ నూడుల్స్ ట్రే మళ్లీ మామూలే. గుర్తుచేయకపోతే అసలు మనిషి బయటపడతాడు. ఇదీ నా లెక్క. ఐదుంబావుకు నా బల్ల మీద ఫోన్ మోగింది. చిన్న తెర మీద ఆయన పేరు. పక్క సీటు కుర్రది నా వైపు చూసింది. స్టేప్లర్‌లో పిన్నులు నింపుతున్నట్టు తల వంచుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది.

ఆరున్నరకు సమావేశం మొదలైంది. సంబంధాలు చెప్పే ఘట్టం వచ్చింది. ఇద్దరు లేచి ఏవో చిన్నవి చెప్పారు. అటార్నీ నా వైపు ఒకసారి చూసి, మళ్లీ కాగితాల్లోకి చూసుకున్నాడు. లేవలేదు. నా గుండె దడదడలాడింది. భయంతో కాదు, చేప గాలానికి తగిలినప్పటి సంబరంతో. లీజు విషయం వచ్చింది. ఆయన మాట్లాడాడు. ఆ మలుపు దగ్గర రెండు ఉదయాలు నిలబడి చూశాననీ, స్కూలు పిల్లలు కార్ల మధ్య నుంచి దూరి వస్తున్నారనీ, అక్కడ డేకేర్ పెడితే ఎవరో ఒక పిల్లవాడు దెబ్బతింటాడనీ చెప్పాడు. వ్యతిరేకంగా ఓటు వేశాడు. ఒక్క ఓటు తేడాతో లీజు పోయింది. వెనక వరుసలో కూర్చున్న పాప తండ్రి లేచి, తలుపు దగ్గర ఆగి, ఆయన వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

మీరైతే అక్కడితో ఆగేవాళ్లు. నేను ఆగలేదు. శుభ్రంగా కనబడటానికి వేసిన ఎత్తు అనుకున్నాను. పార్టీ సీటు దగ్గరపడుతోంది కాబట్టి చుట్టాన్ని వదులుకున్నాడనుకున్నాను. అనుమానం అలవాటైనవాడికి కారణాలకు కొదవ ఉండదు. మర్నాడు ఫొటో జతచేసి మా పైఅధికారిణికి నోటు పెట్టాను. ఆవిడ ఇక్కడే పుట్టిపెరిగిన మనిషి, నాలుగు మాటల చోట ఒక మాట మాట్లాడేది. నోటు రెండుసార్లు చదివింది.

"ఆయన తన సొంత మనిషికి వ్యతిరేకంగా ఓటు వేశాడు. ఇది పంపమంటావా?" అంది.

ఎటు వేసినా చెప్పకుండా వేయడం తప్పే కదా, రూలు రూలే అన్నాను. అది నిజం కూడా. నిట్టూర్చి పంపించింది.

బయట నుంచి ఒక విచారణాధికారి వచ్చాడు. అటార్నీ ఏదీ దాచలేదు. ఆ బిడ్డకు జ్ఞానపితనేనని ఒప్పుకున్నాడు, సభలో చెప్పలేదని ఒప్పుకున్నాడు. తనకు ఎప్పుడూ ఫోన్ వచ్చేదని, ఆ రోజు రాలేదని, తను చేసినా ఎవరూ ఎత్తలేదని ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయన తప్పు సగానికి సగం తగ్గేది. నన్నూ పిలిచారు. రిజిస్టరు గురించి అడిగారు, చెప్పాను. సభ్యులకు గుర్తుచేసే పద్ధతి ఏదైనా ఉందా అని అడిగారు. రూల్లో లేదు అన్నాను. అదీ నిజమే.

చివర సంతకం పెట్టాల్సిన కాగితంలో ఒక గడి ఉంది. ఈ విషయంలో మీకు గానీ మీ కుటుంబానికి గానీ ఏదైనా సంబంధం ఉందా? నా కలం ఆగింది. ఆ పాత లైబ్రరీ పై గదిలో ప్రతి ఆదివారం మన పిల్లలకు తెలుగు నేర్పే క్లాసు జరిగేది. దాన్ని నడిపేది మా ఆవిడ. లీజు పాసయి ఉంటే మొదట ఖాళీ చేయాల్సింది వాళ్లే. పదకొండేళ్లుగా మా ఆవిడ ప్రాణం ఆ క్లాసు. నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా నాకు అది సంబంధంగా తోచనే లేదు. మనవాళ్లకు చేసే సేవ కదా అనుకునేవాణ్ణి. ఎదుటివాడి చుట్టరికం కనబడింది గానీ నాది కనబడలేదు. రెండు నిమిషాలు ఆ గడి వైపు చూసి, లేదు అని టిక్కు పెట్టాను.

నిండు సభలో ఆయన్ని మందలిస్తూ తీర్మానం చేశారు. లోకల్ పేపర్లో ఫొటోతో పడింది. వారం తిరక్కుండా పార్టీ సీటు ఇంకొకరికి వెళ్లింది. తర్వాతి కౌన్సిల్ ఎన్నికల్లో సొంత జనమే ఆయనకు ఓటు వేయలేదని విన్నాను. చుట్టానికి ఎదురు తిరిగినవాడన్న పేరు వాళ్లలో, చుట్టరికం దాచినవాడన్న పేరు మిగతావాళ్లలో. కౌంటర్ ఆవిడ నాతో మాటలు మానేసింది. నేను రిటైరయ్యే రోజు కేకు తీసుకోవడానికి వచ్చి, నా వైపు చూడకుండానే తీసుకుని వెళ్లింది. ఆ ముక్క తినలేదని, పళ్లెంలోనే వదిలేసిందని నేను గమనించాను.

రిటైరయ్యాక రెండేళ్లు హాయిగానే గడిచాయి. హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లి రావడం, మొక్కలకు నీళ్లు పోయడం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. మొన్న ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో చేరింది. మొదటి వారం భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో ఫారం నింపుతూ, "నాన్నా, మమ్ సండే క్లాస్ కూడా డిక్లేర్ చెయ్యాలి, రైట్? మా టీమే కమ్యూనిటీ హాల్స్ చూస్తుంది" అంది.

అక్కర్లేదు, అది ఏమంత విషయం అన్నాను. అమ్మాయి నా వైపు వింతగా చూసి, "ఆఫ్ కోర్స్ ఇట్ కౌంట్స్" అని టైపు చేసేసింది. అర నిమిషం కూడా పట్టలేదు. పెరుగన్నం వదిలేసి లేస్తుంటే ఏమయిందని మా ఆవిడ అడిగింది. ఇన్నేళ్లకు మొదటిసారి అంతా చెప్పాను. ఫోను, స్టేప్లరు, ఫొటో, టిక్కు, అన్నీ.

మా ఆవిడ చాలాసేపు గిన్నెలు సర్దుకుంది. తర్వాత అడిగింది. "నా క్లాసు కోసం ఆ మనిషిని అంత పని చేశారా?"

లేదన్నాను. క్లాసు సంగతి అప్పుడు నాకు తట్టనే లేదన్నాను.

"తట్టలేదో, తట్టినా పక్కకు నెట్టారో మీకైనా తెలుసాండీ?" అంది.

నాకు తెలియదు. ఇది రాస్తున్నప్పుడూ తెలియదు. జన్మంతా ఎదుటివాళ్లను అనుమానించి బతికినవాణ్ణి, ఆ రోజు నుంచి నన్ను నేనే అనుమానిస్తున్నాను. అది ఎంత కష్టమో చెప్పలేను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాటి నుంచి మూడు రోజులు కూర్చుని జరిగినదంతా రెండు పేజీల ప్రమాణపత్రంగా రాశాను. అందరికీ ఫోన్ చేసి ఆయనకు కావాలనే చేయలేదని, ఆయన చేస్తే ఎత్తలేదని, మా కుటుంబానికి సంబంధం ఉండి కూడా లేదని రాశానని. దాన్ని పట్టుకుని ఆ బేకరీ మీది గదికి వెళ్లాను. బోర్డు రంగు వెలిసింది. ఆయన జుట్టు నెరిసింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు. నవ్వలేదు. ఆరేళ్లూ ఆ నవ్వును అనుమానించిన నాకు అది లేకపోవడం భరించలేనిదిగా అనిపించింది.

కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు.

ఆ రోజు ఎందుకు ఫోన్ చేశారని అడిగాను. ఆయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నాను.

"మీరు బయటికి వెళ్లిపోమంటారని చేశాను. నాకు ఓట్ల లెక్క తెలుసు. నేను వెళ్లిపోతే సరిసమానం అయ్యేది, మన మేయరు నిర్ణాయక ఓటుతో లీజు పాసయ్యేది. పాప తండ్రి సంతోషించేవాడు, నేను రూలు పాటించినవాణ్ణి అయ్యేవాణ్ణి. మీరు చెప్పారు కాబట్టి వెళ్లాననుకునేవాణ్ణి. మీరు ఎత్తలేదు. నా అంతట నేను వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఆ మలుపులో రెండు రోజులు నిలబడి వచ్చాను కదా."

విచారణలో నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. తప్పు తనదేనన్నాడు. గుర్తుచేయాల్సిన పని మీది కాదు, గుర్తుంచుకోవాల్సిన పని నాది అన్నాడు. ఆ పాప పుట్టినరోజుకు ఇప్పటికీ పిలుపు రాదని, బహుమతి మాత్రం ఏటా పోస్టులో పంపుతానని కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. రాజకీయాల్లోకి మళ్లీ రానన్నాడు. పేపర్లో పడినది మాత్రం వాళ్ల ఊళ్లో మేయరు మనుషులు ఇప్పటికీ ఫోన్లలో తిప్పుతున్నారని, వాళ్ల అమ్మకు తొంభై ఏళ్లని, ఈ కాగితం కాపీ ఒకటి ఇస్తే ఆమెకు చదివి వినిపిస్తానని అడిగాడు. ఎన్నయినా ఇస్తానన్నాను.

సాక్షిగా మీరే సంతకం పెట్టండి అని కలం అందించాను. లాయర్లకు ఆ అధికారం ఉంది. ఆయన కలం తీసుకుని, ఆగి, మళ్లీ నా ముందు పెట్టాడు.

"ఇది నేను చేయకూడదు. ఇందులో నాకు సంబంధం ఉంది" అన్నాడు.

కింద బేకరీ పక్కన ఫార్మసీ ఉందని, అక్కడి ఫార్మసిస్టుకు సాక్షి సంతకం పెట్టే హోదా ఉందని, ఆయన దగ్గరికి వెళ్లమని చెప్పాడు. మెట్లు దిగుతూ నా పాత బుద్ధి ఒకసారి తల ఎత్తింది. పరాయివాడి సంతకం ఉంటే కాగితానికి బలం ఎక్కువ, లాయరు బుర్ర కదా అనుకున్నాను. అదీ నిజమే కావచ్చు. అయితే ఏమిటి అని నాకు నేనే జవాబు చెప్పుకోవడం మాత్రం అదే మొదటిసారి.

ఫార్మసీలో నలుగురు వరుసలో ఉన్నారు. ఫార్మసిస్టు లెబనాన్ వైపు మనిషి, బాగా పొడుగు. నా లైసెన్సు చూశాడు, పేజీలు లెక్కపెట్టాడు, చదవలేదు. ఇందులో రాసిందంతా నిజమేనని ప్రకటిస్తున్నారా అని నా కళ్లలోకి చూసి అడిగాడు. ఇరవై రెండేళ్లు ఎంతోమందిని నేను అడిగిన ప్రశ్న లాంటిదే. నన్ను మాత్రం ఎవరూ ఇలా ఎదురుగా నిలబెట్టి అడగలేదు. నిజమే అన్నాను. వినబడలేదు, మళ్లీ చెప్పండి అని ఆయన కౌంటర్ మీదికి వంగాడు.

వెనక ఉన్న నలుగురికీ వినబడేలా చెప్పాను.